వినడానికి కొంచెం చాలు

రామగుండం స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దామె సంచిలోంచి టిఫిన్ గిన్నె అంత రేడియో తీసింది. కొత్తగూడెంలో మంచాన పడ్డ ఆమె అన్నకు గొంతు పోయిందట. రోజూ ఈ వేళకు తన రేడియో మీట వేలితో నొక్కి, ఆ టిక్కుటిక్కులతోనే ఒక్కో అక్షరం కూర్చి చెల్లెలితో మాట్లాడతాడట.

అడాప్టర్ గోడకు పెట్టగానే రేడియో గుయ్యిమంది. ఆమె దాన్ని పీకేసి చిన్న బ్యాటరీ తగిలించింది.

"గోడకు కరెంటు ఉండంగ బ్యాటరీ ఎందుకవ్వా?" అన్నాను.

"దాని లొల్లిల మా అన్న మాట మునిగిపోతది బిడ్డా. బ్యాటరీల ఇంక జరంతనే ఉన్నది. జవాబు రాకుంటే ఆయనకు ఫికరైతది. వినుడుకు కొంచమే సాలు, పలుకుడుకే మస్తు తాగుతది. అందుకే తక్కువ పలికి, ఎక్కువ వింట."

ఎదురుగా కూర్చున్న గని కార్మికుడు నవ్వాడు. "గింత డబ్బ కొత్తగూడెం దాక పోతదా అవ్వా? బొగ్గుబాయికాడ నా ఫోనే పలుకదు!"

"సప్పుడు జెయ్యకు కొడుకా."

అతను ముందుకు వంగి చెవి పెట్టాడు. సన్నగా టిక్కులు మొదలయ్యాయి. హాల్లో అందరం ఊపిరి బిగబట్టాం. ఆమె కళ్లు మూసుకుని వింటూ నవ్వింది.

"ఏమంటున్నడవ్వా?"

"అన్నం తిన్నడట. పప్పుల ఉప్పెక్కువైందట."

ఆమె మీట నాలుగైదుసార్లు నొక్కింది. అవతలి నుంచి వెంటనే టిక్కులు వచ్చాయి. అంత దూరం దాటి వచ్చింది ఆ చప్పుడు. తెలియకుండానే చేతులు జోడించాను.

ఇప్పుడు రోజూ ఇంట్లో దేవుడి ముందు దీపం పెట్టి, నా మొరలన్నీ చెప్పుకున్నాక వెంటనే లేవను. కాసేపు ఊరకే కూర్చుంటాను.