నక్షత్రానికి నాలుగు గంటలు

మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. చెప్పిన ధరకే సరుకు కొన్నవాణ్ణి మా ఇంట్లో జబ్బుమనిషిని చూసినట్టు జాలిగా చూసేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టి నేను తిరుపతిలో న్యూట్రాన్ నక్షత్రాల మీద పరిశోధనకు చేరాను. డెబ్భైల చివరి సంగతి ఇది.

మా ప్రొఫెసరుగారిది తరతరాలుగా గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం. వంకాయలవాడు ఎంతంటే అంత ఇచ్చేవారు. పుచ్చులు ఏరి పక్కన పెట్టబోతే, "అవి ఇంకెవరికి పోవాలప్పా?" అని నన్ను ఆపేవారు. అంత మెత్తటి మనిషి పనిచేసేది మాత్రం లోకంలోకెల్లా గట్టి సరుకు మీద. పెద్ద నక్షత్రం ఆయువు తీరి కుప్పకూలితే, దాని నడిమి భాగం ఊరంత ముద్దగా నలిగిపోతుంది. ఆ ముద్దను ఇంకా నొక్కితే ఎంత ఎదురు తంతుంది? ఎంత బరువుదాకా ఓర్చుకుంటుంది? ఎక్కడ కూలుతుంది? సార్ జీవితమంతా ఈ మూడు ప్రశ్నలే.

ఒకసారి నాయనకు విప్పి చెప్పబోయాను. ఆ సరుకు ఒక్క చెంచాడు తిరుమల కొండంత తూగుతుందన్నాను.

"యే గోతంలో పోస్తార్రా దాన్ని?"

"పోయం నాయనా. లెక్కలేసి తెలుసుకుంటాం."

"సరుకు సూడకుండానే?"

"సూడకుండానే."

"అట్లా యాపారం సేసి బాగుపడినోడు మన బజార్లో ఒక్కడూ లేడు. మార్చిదాకా సూస్తా. ఆపైన వచ్చి మండీలో కూర్చో."

మార్చికే నా ఫెలోషిప్పు కూడా అయిపోతుంది. థీసిస్‌కు ఒక్క లెక్క మిగిలింది. నక్షత్రం నడిమి నుంచి పైదాకా పొర తర్వాత పొర లెక్కగట్టాలి. చేత్తో చేస్తే నా పెళ్లి, షష్టిపూర్తి కూడా ఆ లెక్కలోనే అయిపోతాయి. మద్రాసులో ఒక సంస్థవారి కంప్యూటరు మీద అయితే నాలుగు గంటలు చాలు. దరఖాస్తు నింపమని సార్ నాకిచ్చారు.

పెన్ను పట్టగానే నా రక్తం తన పని తాను చేసింది. నాలుగు కావాలంటే ఎనిమిది అడగాలి. వాళ్లు రెండంటారు, మనం ఆరంటాం, చివరికి నాలుగు దగ్గర తెగుతుంది. ఎనిమిదని రాశాను. సార్ చదవకుండా సంతకం పెట్టారు.

జనవరిలో జవాబొచ్చింది. ఐదు గంటలు దాటితే కమిటీకి పోవాలట. కమిటీ కూర్చునేది జూన్‌లోనట.

వెళ్లి సార్ ముందు ఒప్పేసుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాలుగు కావాలంటే నాలుగని రాయొచ్చు గదప్పా?"

"నాలుగని రాస్తే రెండిస్తారు సార్."

"ఎందుకట్లా? మనకు కావాల్సింది నాలుగు గదా?"

ఇలాంటి ప్రశ్న మా బజార్లో ఎవరూ అడగరు.

అదృష్టం కొద్దీ ఆ వారమే, గంటలు కేటాయించే అధికారి మొక్కు తీర్చుకోవడానికి తిరుపతికి వస్తున్నాడని తెలిసింది. సార్ అన్నగారిది గుడిలోనే ఉద్యోగం. "దర్శనం కొంచెం తొందరగా చేయించగలిగితే..." అని నసిగాను. సార్ చూసిన చూపుకు, అధికారిని సత్రంలోనే కలుద్దామని మాట మార్చేశాను.

అధికారి అందరిలాగే వరుసలో నిలబడి దర్శనం చేసుకుని కొండ దిగాడు. మరునాడు పొద్దున సత్రంలో ఆయన్ను కలిశాం. నున్నటి గుండు, దాని మీద గంధం.

"యాడప్పా మీది?" అని నన్నడిగాడు. చెప్పాను. పెద్దగా నవ్వాడు.

"మాది పూతలపట్టు. మా తాత మీ మండీలకే బెల్లం తోలినాడు. ఎనిమిదని రాసింది నువ్వే కదూ? అంటే కావాల్సింది నాలుగు. నాలుగడిగేవాడికి రెండు సాలు. రెండిస్తా, పోండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండుతో మొదలైన బేరాన్ని నిద్రలో కూడా మూడున్నరకు తేగలను. నోరు తెరిచేలోగా సార్ లేచి నిలబడ్డారు.

"రెండు గంటల్లో నక్షత్రం బరువు పెరిగేదాకానే కనపడుతుంది. యాడ కూలుతుందో తెలీదు. అది తెలియకుంటే అంతా వృథా. ఆ గంటలు ఇంకొకరికి ఇవ్వండి, పనికొస్తాయి. వస్తాం."

నమస్కారం పెట్టి నడిచారు.

బేరం మధ్యలో లేచిపోవడం మా నాయన ముప్పై ఏళ్లు సాధన చేసిన విద్య. చెప్పులు నిదానంగా తొడుక్కోవాలి, గడప దగ్గర దగ్గాలి, చెవి మాత్రం వెనకే వదిలిపెట్టాలి. సార్ ఇవేవీ చేయలేదు. ఆయన నిజంగానే వెళ్లిపోతున్నారు! ఆయన వెనకే పరుగెత్తాను. మండీలోని బెల్లం వాసన అప్పుడే ముక్కుకు తగులుతోంది.

"సామీ! ఓ సామీ! ఆగండి!" అధికారి వీధిలోకి వచ్చేశాడు. "మూడు!"

సార్ ఆగి, కంగారుగా జేబులోంచి కాగితం తీశారు. "నా లెక్కలో ఏమైనా తప్పుందా?" అంటూ, పూలమ్మే ఆవిడ బుట్ట పక్కన నిలబడి, ఎన్ని పొరలో, పొరకెంత సేపో మొదటినుంచి చెప్పసాగారు. మూడో పొర దగ్గరికి వచ్చేసరికి ఎండకు అధికారి గుండు చుర్రుమన్నట్టుంది.

"నాలుగే తీసుకోండి సామీ! కొత్త కాగితం పంపండి. ఈసారి మీరే నింపండి," అన్నాడు అధికారి నా వైపు చూస్తూ.

నడుస్తూ సార్ అడిగారు: "మంచి మనిషి. ముందు రెండని ఎందుకన్నాడప్పా?"

"తెలీదు సార్," అన్నాను.

ఫిబ్రవరిలో మద్రాసుకు వెళ్లి, కంప్యూటరు చదివేలా మా లెక్కను చిల్లులుగా పొడిచిన కార్డుల పెట్టె ఇచ్చాం. మూడు గంటల నలభై నిమిషాలకు నక్షత్రం కూలాల్సిన చోట కూలింది. మిగిలిన ఇరవై నిమిషాలు సార్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారు.

థీసిస్ పూర్తయిందని నాయనకు చెప్పాను. ఇరవై నిమిషాలు వదిలేసి వచ్చామని మాత్రం చెప్పలేదు.