టై విప్పి చెప్పిన మాట

"ఒక ఏజెంటున్నడు, అసలోడేనా సార్? మా తమ్మున్ని మీ పోలండ్‌ల ఫ్యాక్టరీ పనికి తోలుతడట. రేపే పాస్‌పోర్ట్ ఇయ్యాలట!"

దుబాయ్ క్రీక్ దాటే పడవలో పక్కన కూర్చున్న తెల్లాయన్ని హిందీలో అడిగేశాను. ఢిల్లీలో పనిచేసి వచ్చాడట, హిందీ బాగానే వచ్చు. కాలేజీలో రాజకీయశాస్త్రం చెప్పే ఉద్యోగం మాని దౌత్యవేత్త ఎలా అయ్యాడో అప్పటిదాకా గలగలా చెప్పినవాడు ఠక్కున ఆగిపోయాడు.

"ఇప్పుడు అభిప్రాయాలు చెప్పకూడదు బహెన్‌జీ. పంతులుగా ఉన్నప్పుడు అన్నీ చెప్పేవాణ్ణి, ఎవరూ వినేవాళ్లు కాదు."

"నేను వింట సార్. పంతులు లెక్కనే చెప్పుండ్రి."

ఆయన టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. "వీసాకు మనిషే మా ఆఫీసుకు రావాలి. పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకునే ఏజెంట్ దొంగ. ఇవ్వొద్దు."

ఒడ్డు రాగానే మళ్లీ టై కట్టుకుని, "నేనేమీ చెప్పలేదు" అన్నాడు గంభీరంగా.

తెల్లారగానే తమ్ముడు ఉంటున్న కూలీల క్యాంపుకెళ్లి, వాడు అరుస్తున్నా వినకుండా పాస్‌పోర్ట్ లాక్కొచ్చి నా బియ్యం డబ్బాలో దాచాను.