ఇలియాస్ చేసిన పొగపెట్టె

జగ్గయ్యపేటలో వెల్డింగు పని చేసే ఇలియాస్ హోటల్లో తినడు. టీ కూడా తాగడు. పెళ్లి విందుకు పిలిస్తే వెళ్లి, అందర్నీ పలకరించి, ఆకలి లేదని పొట్ట నిమురుకుంటూ వచ్చేస్తాడు. "నవాబుగారికి మన తిండి ఎక్కదులే" అని స్నేహితులు ఆటపట్టిస్తారు. వాళ్లకేం, హోటలును బల్ల ముందు కూర్చుని చూసినవాళ్లు. ఈయన పొయ్యిల కింద వెల్లకిలా పడుకుని చూసినవాడు. పొయ్యి కాలు విరిగిందనో, పొగగొట్టం చిల్లు పడిందనో పిలిస్తే వెళ్లి చూడాలి కదా. వేలెడు మందాన పేరుకున్న జిడ్డు, అందులో ఇరుక్కుని చచ్చిన బొద్దింకలు, వాటి మీద మళ్లీ జిడ్డు. ఆ పొయ్యి మీద ఉడికినదాన్నే బయట జనం లొట్టలేసుకుంటూ తింటుంటారు. తలచుకుంటేనే ఇలియాస్‌కు డోకు వస్తుంది.

ఇంట్లో భార్య రజియాబీకీ ఈ పీడ తప్పలేదు. కంచాన్ని వెలుగుకు ఎత్తి చూస్తాడు, గ్లాసును వాసన చూస్తాడు, మొహం చిట్లించి పక్కకు నెడతాడు. ఆవిడ మళ్లీ కడిగి తెస్తుంది. ఇంత శుభ్రం కోరే మనిషి తన చేత్తో ఒక్క గిన్నె తోమిన పాపాన మాత్రం పోలేదు. మురికిని చూడటం తన వంతు, కడగటం ఇంకొకరి వంతు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనే అలా స్థిరపడిపోయాడు.

కూతురు సల్మాను నందిగామలో ఇచ్చారు. అల్లుడు యూనస్ ముక్త్యాల నుంచి సిమెంటు లారీలు తోలేవాడు. వెన్నుపూస జారి నడుం వంగని స్థితికి వచ్చాక, ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఫోన్లో ఏవో వీడియోలు చూసి, హైవే పక్కన బండి పెట్టి పొగ మీద కాల్చిన కోడి అమ్ముదామని యూనస్‌కు బుద్ధి పుట్టింది. ఒక పక్క కట్టెల గూడు, మధ్యలో పెద్ద పెట్టె, రెండో పక్క పొగగొట్టం. మంట తగలకుండా, పొగ వేడికే ముక్క గంటల తరబడి మగ్గుతుంది.

"ఆ పొగపెట్టె మీరే చేసి పెట్టాలి నాన్నా," అని సల్మా ఫోను చేసింది. "ఈ బండి నడవకపోతే ఈయన మళ్లీ లారీ ఎక్కుతానంటున్నాడు. ఎక్కితే ఈసారి మంచం దిగడు."

ఇలియాస్ ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. యూనస్ పాత సామాన్ల కొట్లో కొనుక్కొచ్చిన డ్రమ్ములో తల పెట్టి వాసన చూసి, "ఛీ! ఇందులో ఏ పురుగుమందు పోశారో ఏమో" అని కాలితో తన్ని దొర్లించేశాడు. మందపాటి కొత్త రేకు తెచ్చి వంచి, అతుకు అతుకునా గ్రైండరు పట్టి నున్నగా చేశాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ హైవే పక్కన ఇనుము కనబడితే తెల్లారేసరికి మాయమవుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల ఏ వెల్డరైనా బండ్లకు ఏదీ ఊడకుండా అతికేస్తాడు. ఇలియాస్ కూడా ముక్కలు పరిచే ఇనుప జాలీని నాలుగు వైపులా పెట్టెకు కలిపి అతికేశాడు. పొగ పోకూడదని తలుపు చెయ్యి దూరేటంతే పెట్టాడు.

"మరి లోపల కడగటం ఎట్టా మామా?" అని యూనస్ నసిగాడు.

"పొయ్యిని కడిగేదేందయ్యా? నిప్పుకే అన్నీ కాలిపోతయ్యి," అన్నాడు ఇలియాస్.

కాలిపోలేదు. పొగకు మాంసం ఉడుకుతుంది గానీ కారిన కొవ్వు కాలదు. సంక్రాంతి దాటాక పెట్టిన బండి దూరం పోయే బస్సులు కూడా ఆపించుకుని జనం తినేంతగా పేరు తెచ్చుకుంది. ఎండలు ముదిరేసరికి, వచ్చినవాళ్లు ముక్క నోట్లో పెట్టుకుని మొహమొహాలు చూసుకోవటం మొదలుపెట్టారు. రోజూ వచ్చే కిషోర్‌బాబు అనే మెడికల్ షాపాయన పొట్లం తిరిగిచ్చి వెళ్లిపోయాడట. ఆ సంగతి రజియాబీ ద్వారా తెలిసి ఇలియాస్ బస్సెక్కాడు.

బండి దగ్గరికి వెళ్లగానే తలుపు తీసి లోపలికి చూశాడు. మక్కిన కొవ్వు కంపు గుప్పున మొహాన కొట్టింది. జాలీ కింద నల్లటి బంక, దాని మీద పసుపుపచ్చటి తెట్టె, ఆ తెట్టెలో ఇరుక్కుని చచ్చిన ఈగలు. ఇన్నేళ్లుగా పరాయి హోటళ్లలో చూసి అసహ్యించుకున్న రోత తన కూతురి బండిలోనే ఉంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"మనుషులకు పెడుతున్నావా, కుక్కలకు పెడుతున్నావా?" అని యూనస్ మీద అరిచాడు. "నడుం నొప్పని చెప్పి ఇట్టా కుళ్లబెడతావా? సిగ్గు లేదూ?"

బైకు మీద కూర్చుని పొట్లం కోసం చూస్తున్న దంపతులు ఆ మాట విని బైకు తిప్పుకుని వెళ్లిపోయారు. యూనస్ తల దించుకున్నాడు. సల్మా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆయన్ని అనకండి నాన్నా. ఆయన వంగలేడు, కడిగేది నేను," అంది. కుడిచేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి చూపించింది. మోచెయ్యి దాకా గీతలు, కాలిన మచ్చలు, ఒకచోట చీము. "కర్రకు గరిటె కట్టి గోకుతున్నా. జాలీ సందుల్లోంచి అడుగు అందట్లేదు. తీద్దామంటే ఊడదు. మీరు చేసింది కదా అని ఎవరి చేతా కోయించలేదు."

ఇలియాస్ ఆ చేతిని చూశాడు. తర్వాత పెట్టె లోపలి అతుకులు చూశాడు. ఎంత నున్నటి అతుకులు! వాటికంటే రోతగా ఆయన కంటికి జన్మలో ఏదీ కనబడలేదు. ఆ కంపు కంటే తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.

దగ్గరలో ఉన్న ఇశ్రాయేలు అనే వెల్డరు షాపుకు వెళ్లి గ్రైండరు అడిగి తెచ్చాడు. పొయ్యి చల్లార్చి, కట్టెల గూటి వైపు రేకు కోశాడు. అక్కణ్నించి ఒక్కో అతుకూ తెంచి జాలీని బయటికి లాగాడు. అడుగున ఉన్నదంతా ఒక్కసారిగా కనబడింది. పక్కకు పరుగెత్తి తుమ్మచెట్టు మొదట్లో భళ్లున కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాపీ పెట్టి గోకితే సగమే వచ్చింది. తాపీ పక్కన పడేసి చేత్తో ఎత్తి బకెట్లో వేశాడు.

"యూనసూ, బయటికి జారేటట్టు జాలీకి పట్టాలు వేస్తా. అడుగున కొవ్వు దిగటానికి కన్నం పెడతా," అన్నాడు, అల్లుడి మొహం చూడకుండానే. "లారీ మాట ఎత్తమాక."

"సరే మామా," అన్నాడు యూనస్.

సల్మా సబ్బూ చెంబూ తీసుకుని వచ్చింది. "ఇక లేవండి నాన్నా. చేతులు కడుక్కోండి, మిగిలింది నేను చేసుకుంటా."

"నువ్వు చెయ్యి పెట్టమాకమ్మా," అన్నాడు ఇలియాస్. "మూలల్లో ఇంకా ఉంది." భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చాడు.