పటాలం విందులు

ఆ రోజుల్లో మా వైపు ఒక్కో ఇంటికి ఒక్కో పిచ్చి ఉండేది. కొందరికి కోడిపందేలు, కొందరికి కోర్టు వ్యాజ్యాలు, మాకు పటాలం. మా ముత్తాత ఎవరి తరఫున ఎవరితో యుద్ధం చేశాడో ఎవరికీ తెలియదు గానీ, ఒక చెవి అక్కడే వదిలి వచ్చాడని మాత్రం అందరికీ తెలుసు. తాతయ్య కుడి మోకాలు పోగొట్టుకుని హవల్దారు అయ్యాడు. నాన్న ఓడెక్కి బర్మాలో రంగం యుద్ధానికి వెళ్ళి తిరిగి రానేలేదు. ఇలా తరం తరానికీ కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చిన వంశగౌరవానికి నేనేం సమర్పించాలో ఎవరూ ఆలోచించలేదు. (నేను అసలే ఆలోచించలేదు. ఎర్రకోటు వేసుకుని వీధిలో నడిస్తే ఎలా ఉంటానన్నదే నా బెంగ.)

నాకు పంతొమ్మిదేళ్ళు రాగానే, నలభై రోజుల్లో రాజమండ్రిలో పటాలానికి మనుషుల్ని ఎంచుతారని కబురొచ్చింది. మా ఇంటి ఆచారం ప్రకారం, పటాలానికి వెళ్ళేవాణ్ణి బంధువులంతా వంతులవారీగా భోజనానికి పిలవాలి. "అక్కడ పెట్టేది కూడు కాదురా, ఇక్కడే తినిపో," అనేవాడు తాతయ్య. ఏ రోజు ఎవరింటికో అమ్మ కుదిర్చేది, రోజుకి రెండిళ్ళు తప్పకుండా. మా గోదావరి వాళ్ళకి పిలవడం వచ్చు గానీ వదలడం రాదు. పెద్దత్త బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోసేది. చాలని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే మావయ్య ఆ చేతిమీదే పులిహోర వడ్డించేవాడు. "అదేంటండి అల్లుడుగారూ, మా వంట సయించలేదా?" అని చిన్నత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇంకో నాలుగు గారెలు తినక ఏం చేస్తాను? ఇంటికొస్తే అమ్మ మళ్ళీ పీట వేసేది. "పైవాళ్ళింట్లో తిన్నదీ ఒక తిండేనా నాన్నా, రెండు ముద్దలు కలుపుకో."

రాజమండ్రి మైదానంలో పతకం తగిలించుకుని తాతయ్య కుంటుతూ ముందు, ఆయాసపడుతూ నేను వెనక. దొర నా ఛాతీ కొలిచి తృప్తిగా తలాడించాడు. పొట్ట దగ్గరికొచ్చేసరికి కొలతపట్టీ చాలలేదు. పరుగెత్తమన్నారు. సగం మైదానంలోనే చతికిలబడ్డాను. సుబేదారు వినయంగా, "హవల్దారుగారూ, మీ వాణ్ణి మొయ్యడానికి ఇంకో ఇద్దర్ని చేర్చుకోవాలండి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వెక్కివెక్కి ఏడ్చాను. కాలవ పడవెక్కగానే తాతయ్య పతకం తీసి జేబులో వేసుకున్నాడు.

గుమ్మంలో అడుగుపెడుతూనే, "మూడు తరాల పరువు నీ పొట్టలో కలిపావు కదరా!" అని అరిచాడు. తరవాత కాస్త చల్లబడి, వెదురుబద్దలా నిలబడ్డ మా తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. "పోనీలే, వచ్చే ఏడు వీణ్ణి తీసుకెళ్తా."

"అలాగేనండి మావయ్యగారూ," అంది అమ్మ, ఎంతో అణకువగా. లోపలికెళ్ళి నేతిగిన్నె తెచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. "ఇంకో ముద్ద తిను నాన్నా," అంటూ గిన్నెలో నెయ్యంతా వాడి విస్తట్లో ఒంపేసింది.

నాకేం అర్థమైంది, నా మొహం! అంత అవమానపడి వచ్చినవాణ్ణి వదిలి ముందు వాడికి వడ్డించిందని అలిగి, వీధి అరుగుమీద కూర్చున్నాను. తమ్ముడూ నేనూ ఇద్దరం పటాలానికి పోకుండానే ముసలివాళ్ళమయ్యాం. ఇవాళ ఆ అరుగుమీది లావుపాటి వెర్రివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. లోపలికెళ్ళి అమ్మ కాళ్ళమీద పడరా వెధవా, అని చెప్పాలనిపిస్తుంది.