ఏడో హోల్ దగ్గర కొయ్యని గడ్డి

అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట చిన్న గోల్ఫ్ మైదానం ఉందంటే ఎవరూ నమ్మరు. నేను నమ్మక తప్పదు, నా భార్య వనజ అక్కడే పనిచేస్తోంది. మైదానంలో గడ్డి బాగోగులన్నీ ఆమెవే. నేనుండేది హైదరాబాదులో, అలాంటి మైదానాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసులో. ఎక్కడ గడ్డి కోశారు, ఎక్కడ నీళ్లు పెట్టారు, ఏ పిట్ట కనిపించింది అని అక్కడివాళ్లు ఫోన్‌లో ఎక్కిస్తే ఇక్కడ మా మ్యాపు మీద కనబడుతుంది. వానలు మొదలైన కొత్తలో వనజ ఏడో హోల్ పక్కన ఎర్ర గుర్తు పెట్టింది: "తీతువు గూడు ఉంది, గడ్డి కొయ్యొద్దు." ఆ రోజే ఫోన్ చేసి, "పిల్లలు ఎగిరిపోంగనే ఉద్యోగం మానేసి వచ్చేస్త బావా" అంది. వానలు వెనకబట్టాయి, గుర్తు మాత్రం పోలేదు. మొదట్లో దాని పక్కన ఆమె పేరు చూసుకుని మురిసిపోయేవాడిని. పోనుపోను ఆ తీతువు మీద ఒళ్లు మండిపోయింది. ఇంత తీరిగ్గా పెరిగే పిట్టపిల్లలు లోకంలో ఉంటాయా అని ఒక శనివారం రాత్రి బస్సెక్కేశాను.

హైదరాబాదు నుంచి ఖమ్మం, వైరా, కల్లూరు, సత్తుపల్లి మీదుగా వెళ్లే బస్సు తెల్లారేసరికి అశ్వారావుపేటలో దింపుతుంది. టికెట్ ఏడెనిమిది వందల్లో వస్తుంది. అక్కడి నుంచి షేర్ ఆటోలు మైదానం దాకా రావు, ఒక్కరికే మాట్లాడుకోవాలి. ఆటో అతను మూడు వందలన్నాడు. నేను బేరం మొదలుపెట్టాను.

"ఆడనీకి పోతున్నరా, పనికి పోతున్నరా సార్?"

"మా ఆవిడ దగ్గరికి."

"గట్లయితే ఒక్క రూపాయి తగ్గియ్య. పెండ్లాం కాడికి పోయేటోళ్లు బేరమాడొద్దు" అని నవ్వుతూ బండి తీశాడు. దారి పొడుగునా తోటలు నీడగా, చల్లగా ఉన్నాయి. గెలల ట్రాక్టర్ల వెనక ఇరుక్కోకూడదనుకుంటే పొద్దున్నే వెళ్లడం మంచిది.

నేను చెప్పకుండా వెళ్లాను కాబట్టి అప్పటికే వనజ మైదానంలోకి వెళ్లిపోయింది. మెస్‌లో వంట చేసే మంగమ్మ కూర్చోబెట్టి ఇడ్లీ, పల్లీల చట్నీ పెట్టింది. మాటల్లో తీతువు పిల్లలు ఎంతవరకు వచ్చాయని అడిగాను.

"ఇంకెక్కడి పిల్లలు సారూ? శ్రావణంలనే ఎగిరిపాయె. అది కూసినన్ని దినాలు నాకు నిద్ర లేదు. తీతువు కూస్తే మంచిది కాదంటరు మా దిక్కు. తరిమేద్దామంటే మేడం నా మీదికే వచ్చింది. ఇంకో రెండు ఎయ్యనా?"

వద్దన్నాను. చెయ్యి కడుక్కుని ఏడో హోల్ వైపు నడిచాను.

వనజ ఏడో హోల్ దగ్గరే ఉంది. నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతులకు మట్టి ఉందని పట్టుకోకుండా ఆగిపోయింది. ఎండకు నల్లబడింది. అయినా ఆమె అంత కళగా ఉండడం హైదరాబాదులో ఎన్నడూ చూడలేదు, అదే నాకు గుచ్చుకుంది. చుట్టూ నున్నగా కోసిన పచ్చిక, మధ్యలో ఆ ఒక్క ముక్క మోకాలెత్తు గడ్డి, దాని వెనక టేకు అడవి. గడ్డి కంకుల మీద చిన్న చిన్న పిట్టలు వాలి ఊగుతున్నాయి.

"గూడేది?" అన్నాను.

"మంగమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

ఆమె తల వంచుకుంది. "గుర్తు తీస్తే నువ్వు రమ్మంటవ్. రానంటే బాధపడతవ్. ఏం చెయ్యాల్నో తెల్వక గట్లనే ఉంచిన."

"అంటే నాతో ఉండాలని లేదా?"

"ఎందుకుండదు బావా? అన్నం ముందు కూసున్నప్పుడల్లా ఉంటది. పొద్దుగాల ఈ గడ్డి మీద కాలు పెడితే మాత్రం ఈడికెంచి కదలబుద్ధి కాదు. అక్కడ బాల్కనీల నాలుగు కుండీలకు నీళ్లు పోసుకుంట ఎట్ల బతికిన్నో నాకే తెల్వదు."

"కుండీలతో పాటు నేనూ ఉన్నాగా అక్కడ" అన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వే తీసెయ్ ఆ గుర్తు. రేపే వచ్చేస్త."

ఒక్క వేలితో అయిపోయే పని. ఎన్నాళ్లుగానో నేను కోరుకున్నదీ అదే. కానీ ఆ కుండీల దగ్గర ఆమె కూర్చునే తీరు నాకు గుర్తుంది. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. "లేని గూడు ఉందని రాయకు. గడ్డి ఉంచాలనిపిస్తే గడ్డి కోసమే ఉంచు. ఇక్కడ ఉండాలనుంటే ఉండు. మధ్యలో ఆ పిట్టనెందుకు తిట్టిస్తావు నాచేత?"

చేతి మట్టి తుడుచుకుంది. తర్వాత తనే గుర్తు తీసేసింది. రేపు పొద్దున ఆఫీసులో అక్కడ ఆమె పేరు ఉండదని అప్పటిగ్గానీ నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆమె వంకాయ కూర వండింది. సాయంత్రం దాకా అడవి అంచున తిరిగాం. తిరిగి రమ్మని నేను అడగలేదు, రానని ఆమె అనలేదు. గొప్ప త్యాగం చేశానని అనుకోకండి, ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆమె కావాలి. పండక్కో, ఆదివారానికో కాదు, ఏదో ఒక మంగళవారం సాయంత్రం వంటింట్లో నన్ను విసుక్కుంటూ ఉండాలి. ఆ విసుగు కోసం ఇల్లు ఎదురుచూస్తోంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. ఆదివారం రాత్రి హైదరాబాదు బస్సుల్లో సీటు దొరకడం కష్టం, తిరుగు టికెట్ ముందే తీసుకోండి. నేను శనివారమే రెండు తీసుకున్నాను. ఖమ్మం దాకా నా పక్కసీట్లో బ్యాగు కూర్చుంది. అక్కడ ఎక్కిన ఒక పెద్దాయన "ఇక్కడెవరన్నా వస్తరా బాబూ?" అని అడిగాడు. రారని చెప్పి, బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.