ఎదురెదురు తూర్పు ముఖాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పత్రికలో ట్రైనీగా చేరి ఏడాదైనా నిండనివాడికి అది సహజమే. ఏ వార్తనైనా రెండు వర్గాల నుంచి ధ్రువీకరించుకున్నాకే రాయాలని మా డెస్క్ ఇన్‌చార్జి రోజూ చెప్పేవాడు. నేను ఆ మాటను ఆఫీసు గడప దాటించి ఇల్లూ వీధీ హోటలూ అన్నిచోట్లా అమలు చేసేవాణ్ని. (ఇడ్లీ వేడిగా ఉందని సర్వర్ చెబితే పక్క టేబుల్ ఆయన్ను కూడా అడిగేవాణ్ని.) ఇంత జ్ఞానం మోసుకుంటూ ఒక వానాకాలంలో సెలవు పెట్టి సూరత్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. వెళ్లింది ఇల్లు మారుతున్నారంటే సాయం చేయడానికి. చేసి వచ్చింది మాత్రం వేరే.

బావ పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు. జగిత్యాల నుంచి వాళ్లు సూరత్ చేరేసరికి బడులు మొదలై చాలా రోజులైంది. పిల్లలకు గుజరాతీ అక్షరం రాదు, మళ్లీ ఏడాది రమ్మన్నారు. సరే, ఈ ఏడాది బడి ఇంట్లోనే అని అక్క నిర్ణయించింది. కందిపప్పు కొలుస్తూ భిన్నాలు చెప్పేది. భోజనాల దగ్గర దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచే వంతు ఎవరిదైతే వాళ్లు ఆ పూట ఒక ఎక్కం ఒప్పజెప్పాకే గిన్నె మూత తీయాలి. సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత ప్రవక్తల కథలు, శుక్రవారం ధర్మసందేహాలు, వీలైన ఆదివారం డుమస్ సముద్రపు ఒడ్డుకు వెళ్లి టమాటా భజియాలు తింటూ భూగోళం. మా ఇళ్లలో దేవుణ్ని వేడుకునే దువా అరబీలో, తిట్లు తెలుగులో, ఆ రెంటి నడుమ మిగిలిందంతా ఉర్దూలో నడుస్తుంది గనక భాషల పాఠం వేరే అక్కర్లేకపోయింది. పిల్లలిద్దరు. పెద్దది ఏ మాటనైనా నిలబెట్టి విచారించే రకం, అందుకని కలెక్టరమ్మ అనేవాళ్లం. చిన్నవాడు బుడ్డోడు, వాడు విచారణలో ఎప్పుడూ కలెక్టరమ్మ పక్షమే.

ఈ ఇంటి బడి నచ్చనిది ఒక్కరికే. బావ వాళ్లమ్మ, పిల్లల దాదీ. ఫోన్‌లో ఆమె గొంతు స్పీకర్ పెట్టకపోయినా గదంతా వినిపించేది. "బడికి పోని పిల్లలకు సదువెట్లొస్తదే? నేనే వచ్చి జూస్త. ఏం రాదనుకో, పెద్దదాన్ని నా ఎంట తీసుకపోయి ఈడ బడిల ఏస్త." ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు అన్నం సయించలేదు. కూతురు ఇంట్లో ఉంటుందా, జగిత్యాల పోతుందా అన్నది దాదీ వచ్చి అడిగే ప్రశ్నల మీద ఆధారపడి ఉంది. ఆమె కూడా సరిగ్గా మేం కొత్త ఇంట్లో సామాను దించిన మర్నాడే వస్తోంది.

కొత్త ఇల్లంటే ఒక మేడ మీది గది. మెట్లెక్కితే చిన్న నడవ, నడవకు అటొక గది, ఇటొక గది, తలుపులు ఎదురెదురు. వెనక ఒక కిటికీ. కింద మగ్గాలు ఆగకుండా ఆడుతుంటాయి, నేల సన్నగా వణుకుతుంటుంది. రాత్రి వానలో సామాను చేర్చి బావ పొద్దున్నే షిఫ్టుకు వెళ్లిపోయాడు. అక్క నమాజుకు పరిచే జానమాజు చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడి, "ఒరేయ్, ఖిబ్లా ఎటురా?" అంది. నమాజుకు నిలబడాల్సిన దిక్కు, మక్కా వైపు. మన దేశంలో దాదాపు పడమర. పడమర ఎటో చెప్పాల్సిన సూర్యుడు మూడు రోజులుగా మబ్బుల్లో ఉన్నాడు. పక్కింట్లో అడిగి రమ్మంటే పోయేది. కానీ నాలో గురువు నిద్రలేచాడు. "అక్కా, ఇదే ఇయ్యాల్టి పాఠం. దిక్కు కనుక్కునుడు. పిల్లలతోని నేను చేపిస్త," అన్నాను. అక్క నన్ను కాసేపు చూసింది. "దాదీ వచ్చేలోపల తేల్చుర్రి" అని మాత్రం అంది.

మొదటి వర్గం నా ఫోను. అందులో దిక్సూచి ఉంది. బీరువా దగ్గర పడమర తలుపు వైపు చూపించింది. ఇనుప మంచం దగ్గరికి వెళ్తే పొయ్యి వైపు. కిటికీ దగ్గర కిటికీ వైపు. గది మధ్యలో పెడితే ముల్లు కింది మగ్గాల తాళానికి ఊగడం మొదలుపెట్టింది. "మామా, మక్కా నడుస్తుందా?" అన్నాడు బుడ్డోడు. ఈ వర్గం విశ్వసనీయం కాదని తేల్చాను.

తర్వాత నేనే మధ్యాహ్నం జుహర్ నమాజుకు మసీదుకు వెళ్లాను. అక్కడ దిక్కు గురించి అనుమానమే ఉండదు కదా. నమాజు అయ్యాక ఖిబ్లా వైపు కుడిచెయ్యి చాచి, ఆ చెయ్యిని అటే ఉంచి ఇంటిదాకా నడిచి రావాలన్నది నా పథకం. గల్లీ ఎడమకు తిరిగితే చెయ్యి కుడికి, గల్లీ కుడికి తిరిగితే చెయ్యి ముందుకు. వానలో గొడుగు ఎడమచేతిలో. మొదటి మలుపు దగ్గరే ఒక షేరింగ్ ఆటో నా ముందు ఆగింది. "రింగ్ రోడ్?" అన్నాడు డ్రైవరు. తల అడ్డంగా ఊపాను. "ఉధనా?" మళ్లీ అడ్డంగానే ఊపాను. "తో హాథ్ క్యూఁ దియా భాయ్?" అన్నాడు, మరి చెయ్యెందుకు చాపావని. ఖిబ్లాను ఇంటికి తీసుకెళ్తున్నానని హిందీలో ఎలా చెప్పాలో ఆలోచించేలోపు వెనక ఇంకో ఆటో ఆగింది, దాని వెనక ఒక టెంపో. అందరికీ నమస్కారం పెట్టాల్సి వచ్చింది. నమస్కారానికి రెండు చేతులూ కావాలి. అంతే, నా పడమర ఆ మలుపులోనే రాలిపోయింది.

తడిసి వచ్చిన నన్ను చూసి కలెక్టరమ్మ, "మామా, దొరికిందా?" అంది. "ఇంక మనుషుల్నే అడుగుదాం. ఇద్దరు చెప్పాలె, ఒక్క తీరుగ చెప్పాలె," అన్నాను. ఎదురు గదిలో ఉండేది సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గం కార్మికుడి కుటుంబం. ఆ వదిన గడపకు పసుపు రాస్తోంది. "దిక్కా? గింత దానికేంది తమ్మీ. మాది తూర్పు ముఖం. తూర్పు ముఖం గనకనే కిరాయి ఎక్కువైనా తీస్కున్నం. గంతే గదా?" అంది లోపలికి చూస్తూ. లోపల ఆమె భర్త, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన అన్న, దుప్పటిలోంచి "ఆఁ, ఆఁ" అన్నాడు. ఆ గదికి సరిగ్గా కిందింట్లో చీరలకు లేసులు అంటించే గుజరాతీ బెన్‌ను కూడా అడిగాం. ఆమె వాకిలీ అదే వైపు. "పూర్వ్ ఛే, పూర్వ్" అంది, తల కూడా ఎత్తకుండా. రెండు వర్గాలు, రెండు భాషలు, ఒకే మాట. ఎదుటి తలుపు తూర్పుకు చూస్తే దానికి అభిముఖంగా ఉన్న మా తలుపు పడమరకు చూస్తుంది. అంటే ఖిబ్లా మా తలుపు వైపు. ఇంత పకడ్బందీగా నేను అప్పటిదాకా ఒక్క వార్తా రాయలేదు. తలుపు దగ్గర విడిచిన చెప్పులన్నీ తీసి పక్కకు సర్దించి, అక్కడ జానమాజు పరిపించాను.

సాయంత్రం బావ స్టేషన్ నుంచి దాదీని తీసుకొచ్చి, సంచి లోపల పెట్టి, సాయంత్రపు అసర్ నమాజుకు మసీదుకు పరిగెత్తాడు. దాదీ కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకొచ్చి కలెక్టరమ్మను పిలిచింది. "బిడ్డా, ఖిబ్లా ఎటు?" మొదటి ప్రశ్నే ఇది. అక్క కొంగు అంచు నోట్లో పెట్టుకుంది. కలెక్టరమ్మ నిటారుగా నిలబడి పొద్దుటి నుంచి నేను నేర్పిన భాషలో చెప్పింది. "దాదీ, విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం తలుపు దిక్కు. ఫోన్ వర్గాలు మాత్రం ఖండిస్తున్నయి. అధికారికంగా ధ్రువీకరించాల్సి ఉన్నది."

దాదీ అక్క వైపు తిరిగింది. "ఏందే ఇది? ఖిబ్లా అడిగితే ఖండిస్తున్నయంటది! గిదానే నువ్వు చెప్పే సదువు?" అక్క కూతురి భుజం పట్టుకుంది. "దీని బట్టలు సర్దు. ఎల్లుండి రైలుకు నా ఎంట వస్తది." బుడ్డోడు ఏడుపు అందుకున్నాడు. నేను కలగజేసుకుని, దిక్కు విషయంలో నేను హామీ అన్నాను. "అయితే ముందట నువ్వే నిలబడు," అంది దాదీ. ఇమామ్‌గా నేను, నా వెనక బుడ్డోడు, వాడి వెనక ఆడవాళ్లు. తెరిచిన తలుపు వైపు, ఎదురింటి పసుపు గడపను చూస్తూ నాలుగు రకాతుల నమాజు చదివించాను.

నమాజు ముగిస్తూ సలాం చెప్పి తల తిప్పానో లేదో, గదిలోకి వెలుగొచ్చింది. వాన ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు. మబ్బు చీలి, కిందికి దిగుతున్న సూర్యుడు మా వెనక కిటికీలోంచి నిండుగా లోపలికి వచ్చాడు. నా నీడ జానమాజు మీద పొడవుగా పడి, గడప దాటి, నడవలోకి వెళ్లి ఎదురింట్లో అడుగుపెట్టింది. సాయంత్రపు సూర్యుడు వీపు మీద తగులుతుంటే దాని అర్థం ఒక్కటే. మక్కాకు వీపు పెట్టి, నమ్మి వెనక నిలబడిన నలుగురినీ అటే నిలబెట్టాను.

దాదీ కిటికీని చూసింది, తలుపును చూసింది, నన్ను చూసింది. "ఇప్పుడేంది ఇమామ్ సాబ్? నమాజు మల్ల చదవాల్నా?" నాకు తెలియదు. తెలియని విషయమంటూ లేని నాకు ఆ ఒక్కటీ తెలియదు. అప్పుడు కలెక్టరమ్మ, ఈసారి నా భాషలో కాదు, తన గొంతులో అంది. "వద్దు దాదీ. దిక్కు తెల్వకపోతే ఎతకాలె, అడగాలె. అడిగినంక మనసు ఎటు ఒప్పుకుంటె అటు నిలబడాలె. అయిపోయినంక తప్పని తెల్సినా నమాజు చెల్లుతది. మామ పాపం శాన ఎతికిండు. వానల చెయ్యి చాపుకుంట గూడ తిరిగిండు."

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"అమ్మ. శుక్రవారం జెప్పింది."

దాదీ వంగి జానమాజు అంచు పట్టుకుని, చుట్టూ తిప్పి, కిటికీ వైపు పరిచింది. "మగ్రిబ్ ఇటు," అంది. ఇంకా ఏదో మిగిలినట్టు నా వైపు తిరిగి, "అమ్మ చెప్పింది దీనికి మంచిగ యాదికున్నది. నువ్వు చెప్పింది జర మరిపించు నాయినా," అంది. అక్క ఏడుస్తూ నవ్వింది. బట్టలు సర్దే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో బావ వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "అరే, మనది తూర్పు ముఖమని బ్రోకర్ మొదటి దినమే చెప్పిండు గదరా. నన్నెవ్వలడిగిండ్రు?" అప్పుడు అర్థమైంది. ఈ మేడలో గదులన్నీ ఇప్పించిన ఈ బ్రోకర్ ఎదురింటికి తూర్పు ముఖం అన్నాడు, కిందింటికి తూర్పు ముఖం అన్నాడు, మాకూ అన్నాడు. మా విషయంలో మాత్రమే అది పొరపాటున నిజమైంది. నా రెండు వర్గాలూ ఒక్క నోటి నుంచే వచ్చాయి.

నడవలో వదిన గొంతు వినిపించింది. "అగో, మా తూర్పు గడపకు పొద్దుగూకే ఎండేంది?" పసుపు మీద ఎర్రటి వెలుగు పడి గడప బంగారంలా ఉంది. ఆమె ముఖం మాత్రం వాడిపోయింది. పెళ్లయ్యాక తన ఇష్టప్రకారం తీసుకున్న మొదటి ఇల్లట అది. నేను నోరు తెరిచాను. చేతిలో నిజం ఉంది, దానికి సాక్షి ఆకాశంలో ఉన్నాడు. అన్న అప్పుడే లేచి వచ్చి తలుపుకు ఆనుకున్నాడు. "గిది మన ఎండ కాదే. వీళ్ల బీరువా అద్దం మీద పడి మర్లివచ్చింది," అన్నాడు తాపీగా. ఆమె లోపలికి వెళ్లాక నా దగ్గరికొచ్చి, "నాకు ఎప్పుడో ఎర్కే తమ్మీ. ఆమెకు చెప్పకు. గీ ఇంట్ల మంచిగున్నది," అన్నాడు. నేను వెళ్లి బీరువాను కొద్దిగా జరిపాను, అద్దం ఆ గడపకు కనిపించేలా. నా ఉద్యోగ జీవితంలో నేను ఆపిన మొదటి వార్త అదే.

ఆ ఆదివారం దాదీని డుమస్ తీసుకెళ్లాం. ఇసుకలో జానమాజు పరుస్తూ బుడ్డోడు నన్ను అడగకుండానే సముద్రం వైపు పరిచాడు. వాడికి అక్కడ ఏ వర్గాలూ అక్కర్లేకపోయాయి.

ఇప్పుడు మా డెస్క్‌లో కొత్త పిల్లలు వచ్చి "సర్, ఇద్దరు కన్ఫర్మ్ చేశారు" అంటే, "ఆ ఇద్దరికీ చెప్పిందెవరు?" అని అడుగుతాను. అదేదో అనుభవసారమని వాళ్లు తలలూపుతారు. ఊరికి పోతే హోటల్ గదుల్లో పైకప్పుకు ఖిబ్లా చూపే బాణం గుర్తు అతికించి ఉన్నా సరే, నేను ముందు పరదా తీసి బయటికి చూస్తాను. వానాకాలం సాయంత్రాలు రోడ్డు మీద ఎవరైనా చెయ్యి చాచి నిలబడితే మాత్రం బండి ఆపుతాను. ఎక్కేవాళ్లు ఎక్కడికో ఒకచోటికి వెళ్లాల్సినవాళ్లే అయి ఉంటారు. గొడుగు ఒక చేత్తో, ఖిబ్లా ఒక చేత్తో పట్టుకుని, అన్నీ తెలుసనుకుంటూ నడిచొచ్చే ఆ కుర్రాడు ఇంకా ఒక్కసారైనా ఎదురుపడలేదు.