వరస అడిగి కలుపుకున్న మనిషి

మా వదిన పోయింది. చండ్రుగొండలో మా ఇంటి మేడమీద గదిలో, పొద్దున పూట, కంప్యూటర్‌లో టెస్టులు నడుస్తుండగా కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. కింద నేను చాయ్ పెడుతున్నాను. "మరదలా, టెస్టులు ఎక్కినయ్, పొయ్యి మీద చాయ్ ఎక్కియ్యి" అని మెట్ల మీద నుంచి వంగి కేకేయడం ఆమెకు రోజూ ఉన్న అలవాటు. ఆ రోజు కూడా కేకేసింది. నేను గ్లాసు పట్టుకుని పైకి వెళ్లేసరికి తెరమీద టెస్టులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అన్న కారులో కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయాడు. దారిలోనే అయిపోయిందని అక్కడ చెప్పారట. గుండె ఆగిందట. చిన్న జ్వరానికి కూడా పడుకోని మనిషి.

ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్లను మెచ్చుకోవాలి. మెచ్చుకుంటాను, తప్పదు కూడా. కానీ ముందే ఒక మాట చెప్పేస్తే నాకు తేలికవుతుంది. మా వదినంటే నాకు కుళ్లు. ఉండేది అనడం లేదు, ఇప్పుడు కూడా ఉంది. ఆమె తెలివి మీద కుళ్లు ఒకటైతే, ఆమె ప్రేమను పంచుకున్న వాళ్లందరి మీదా ఇంకొకటి. ఊళ్లో సగం మంది ఆమెకు చుట్టాలే. అంతమందిలో నేను ఆమెకు ఏమవుతాను, పేరుకు ఆడబిడ్డనేనా, ఇంకేమైనా అవుతానా అని బతికినన్నాళ్లూ అడగలేదు. ఇప్పుడు అదే నన్ను తినేస్తోంది.

నిజానికి మా ఇంట్లో కంప్యూటర్లు చదివింది మొదట నేను. హైదరాబాదులో సొంత డేటాబేసు తయారుచేసే కంపెనీలో చేరిందీ మొదట నేనే. కుసుమంచి నుంచి అన్న పెళ్లాంగా వచ్చిన వదిన డిగ్రీ చదివి ఖాళీగా ఉందని, మా టీం లీడ్‌తో మాట్లాడి చేర్పించిందీ నేనే. రెండేళ్లు తిరగకముందే, ఏ చిక్కొచ్చినా ఆఫీసు ఫోన్లు ఆమెకే వచ్చేవి. కరోనా కాలంలో ఇద్దరం లాప్‌టాప్‌లు పట్టుకుని ఇంటికి వచ్చేసి మళ్లీ పోలేదు. నేను పెళ్లయినా నాలుగిళ్ల అవతలే ఉంటాను కాబట్టి, పొద్దున్నే అమ్మగారింటికి వచ్చి కింద గదిలో పని చేసుకునేదాన్ని. ఆమెది పై గది. సిగ్నల్ బాగా వచ్చేదీ అక్కడే.

మా అమ్మ సంగతి సరేసరి. ఆదివారం చర్చి అయ్యాక ఎవరింటికొచ్చినా, "నా కోడలు గాదు, నా బిడ్డ" అని చెప్పేది. పక్కనే పీట మీద కూర్చుని గోంగూర తెంపుతున్న నేను తలెత్తి చూసేదాన్ని. మరి ఈమె ఎవరని ఒక్కరు అడిగితే ఒట్టు.

వదిన పని గురించి చెప్పకుండా ఆమెను చెప్పలేను. డేటాబేసులో ఏది మార్చినా, నిన్నటిదాకా సరిగ్గా నడిచినవి ఇవాళ చెడిపోలేదు కదా అని మళ్లీ మళ్లీ చూసే టెస్టులు ఉంటాయి. రిగ్రెషన్ టెస్టులంటాం. వాటిలో ఒకదాని పని, రకాలు కలుస్తున్నాయా అని చూడటం. డేటాబేసులో ప్రతి విలువకూ ఒక రకం ఉంటుంది, ఇది అంకె, ఇది తేదీ, ఇది పేరు అని. ఫలానా పనికి తేదీ కావాలని ఒకచోట ఉంటే, ఆ పని చేసే ఫంక్షన్ కూడా తేదీనే తీసుకోవాలి. మా పాత టెస్టుకు మరీ మంచితనం ఎక్కువ. లోపల దాచే తీరు ఒకటైతే చాలు, కలిసిందనేది. తేదీని కూడా లోపల రోజుల అంకెగానే దాస్తారు. అందువల్ల తేదీ ఉండాల్సిన చోట అంకె ఉన్నా పచ్చ గుర్తు పెట్టి పంపించేసేది. ఏళ్ల తరబడి నేను ఆ పచ్చ గుర్తు చూసి, లాప్‌టాప్ మూసి అన్నానికి లేచాను.

వదిన లేవలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కలపకుండా ఆలోచిస్తోంది.

"ఏందే వదినా, కూర బాగలేదా?" అన్నాను.

"కూర మంచిగనే ఉంది. మన టెస్టే మంచిగ లేదు. ఈళ్లిద్దరు సూడనీకి ఒక్క తీరున్నరు అని వరస కలుపుతున్నది. అట్లెట్ల కలుపుతది? వాళ్లు సుట్టాలని ఎవలన్న చెప్పిన్రా?"

"ఇన్నేండ్లు మంచిగనే నడిచింది గద. ఎందుకు కెలుకుతవ్?"

"పచ్చగ ఉందని సంబరపడకు మరదలా. ఏదడిగినా అవ్ అనేటోడు సాక్ష్యం చెప్తే ఎవలు నమ్ముతరు?" అని, అప్పుడు అన్నం కలిపింది. "ఇంకోటి. నేను నిన్ను మరదలంట, నువ్వు నన్ను వదినంటవ్. తిప్పి అంటే కుదురుతదా? రకాలు గూడ గంతే. ఇటునుంచి అటు చెల్లితే అటునుంచి ఇటు చెల్లాలని లేదు. మన టెస్టు రెండు దిక్కులా ఒప్పుకుంటున్నది."

ఆ వారమే టెస్టులోని చెక్ బిగించడం మొదలుపెట్టింది. ఈ రకం ఆ రకం స్థానంలో చెల్లుతుందని డేటాబేసులో ముందే చెప్పి ఉంటేనే ఒప్పుకోవాలి, అదీ చెప్పిన దిక్కులోనే. తప్పక వదిలేయాల్సినవి ఉంటే వాటిని దాచకూడదు, టెస్టు నడిపిన ప్రతివాళ్ల కంటా పడేలా ఫలితంలోనే ఉంచాలి. మొదటిసారి నడిపిన రోజు తెర అంతా ఎరుపు, ఇన్నేళ్లూ దాగిన తప్పులన్నీ బయటపడ్డాయి. టీం కాల్‌లో లీడ్ ఆమెను పొగిడినంతసేపు నేను నా మైకు మ్యూట్‌లో పెట్టి, వీడియో కూడా ఆపేశాను. నా మొహం నాకు తెలుసు.

టెస్టులు ఎక్కించి, చాయ్ తాగేశాక ఆమె పై గదిలో కూర్చునేది కాదు. జడ విప్పుకుని దువ్వుకుంటూ కిందికి దిగి గేటు దగ్గర నిలబడేది. ఒక జడ అల్లేసరికి టెస్టులు అయిపోయేవి. ఆ జడ అల్లేలోపు దారిన పోయేవాళ్లతో వరస కలిసేది. ఊరికే అక్కా, బావా అనదు. ఇంటిపేరు అడుగుతుంది, పుట్టిల్లు అడుగుతుంది, ఎక్కడో ఒక తీగ పట్టుకుని, "అట్లయితే నువ్వు నాకు చిన్నమ్మవైతవ్, సరేనా?" అని వాళ్ల చేతే ఒప్పిస్తుంది.

అట్లా కలిసిందే అడవి అంచున ఉన్న గుంపు నుంచి వచ్చే ఒకామె. గుంపు అంటే పాతిక ఇళ్ల పల్లె. ఎండాకాలం బీడీలకు తునికాకు కోస్తుంది, ఆకు అయిపోయాక గంపలో తునికి పండ్లు తెచ్చి ఊళ్లో అమ్ముతుంది. ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు. వాళ్ల దేవతలు వేరు, మా చర్చి వేరు. ఏ తీగా దొరకలేదని నేను లోపల సంతోషిస్తుండగా, వదిన ఆమె పెనిమిటి పేరు అడిగింది.

"కుసుమంచిల మా అన్నదీ, నీ పెనిమిటిదీ ఒక్కటే పేరు. ఇగ నువ్వు నాకు వదినవే" అంది.

ఆమె కాసేపు ఆలోచించి, "అట్లయితే నువ్వు గూడ నాకు వదినవే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వదినా అని పిలవడానికి అన్న పెళ్లి దాకా ఆగాను నేను. ఈమెకు అరగంట పట్టలేదు.

ఆమె వెళ్లాక అన్నాను. "పేరు ఒక్కటైతే వరస కలుస్తదా? నీ టెస్టు నీ కాడనే ఫెయిల్ అయింది."

"నేను ఆమె మొఖం సూసి కలపలే. అడిగిన, ఆమె ఒప్పుకున్నది. ఇద్దరు ఒప్పుకున్నంక ఇంకెవల పర్మిషన్ గావాలె?" అంది వదిన, జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుంటూ. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆమె వచ్చినప్పుడల్లా ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పండ్లు తింటూ గంటసేపు ముచ్చట పెట్టేవాళ్లు. వదిన నవ్వు కింద గదిలోకి వినబడేది. ఆ తర్వాత ఒక మోదుగాకు దొప్పలో గుప్పెడు పండ్లు తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టి పోయేది. తీపి పండ్లు, కాదనను. కానీ వాళ్లిద్దరూ తినగా మిగిలినవి నా వంతు వచ్చాయనే అనుకునేదాన్ని. అలా అనుకుంటూనే అన్నీ తినేసేదాన్ని.

సమాధి రోజున ఆ గుంపు ఆమె మా అందరికంటే ముందు వచ్చింది. పోయినవాళ్ల మీద దగ్గరివాళ్లు కొత్త బట్ట కప్పడం మాకూ ఉంది, వాళ్లకూ ఉంది. నేను ఖమ్మం నుంచి తెప్పించిన పట్టు చీర వచ్చేసరికే వదిన మీద ఒక పచ్చంచు నూలు చీర కప్పి ఉంది. నా చీర దాని మీద కప్పారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే తల వంచుకుని నేను ఆలోచించింది ఒక్కటే. నాది అందరికీ కనబడుతోంది, ఆమెది వదినకు తగిలి ఉంది. చావు దగ్గర కూడా ఇలాంటి ఆలోచన వస్తుందా అని మీరు అడగవచ్చు. నాకు వచ్చింది. జ్ఞాపకార్థ కూడికలో లేచిన ప్రతివాళ్లూ మా అక్క, మా చెల్లె, మా కోడలు అంటుంటే, ఒక్కొక్కరినీ ఏ వరసన అని నిలదీయాలనిపించింది. నా వంతు వచ్చినప్పుడు నేను లేవలేదు.

ఆ తర్వాత వారం లీడ్ ఫోన్ చేశాడు. వదిన మొదలుపెట్టిన పని ముగించేది నేనే. ఎరుపులో ఇంకా కొన్ని తేలకుండా ఉన్నాయి. "కష్టమైతే చెక్ కొంచెం వదులు చేసి క్లోజ్ చేసేయండి, పర్లేదు" అన్నాడు. ఆమె లేకపోతే ఇంత సులువుగా వదిలేస్తారా అని మొదటిసారి ఆమె తరఫున నాకు కోపం వచ్చింది. పై గదిలోకి, ఆమె కుర్చీలోకి మారాను. ఒక్కొక్కటీ తీసి చూశాను. రాసిన రకమే తప్పైతే దిద్దాను. నిజంగా చెల్లేవైతే, ఏ దిక్కున చెల్లుతుందో డేటాబేసులోనే చెప్పాను. ఎటూ తేలని వాటిని ఆమె చెప్పినట్టే అందరికీ కనబడేలా ఉంచాను. మార్పు చేసినవారి పేరు దగ్గర చాలాసేపు ఆగి, ఆమె పేరే పెట్టాను. సరిచూసినవారి దగ్గర నాది. పోయాక కూడా పైచేయి ఆమెదే, ఏం చేస్తాం.

ఆఖరిసారి మొత్తం టెస్టులు ఎక్కించి కిందికి దిగిన పొద్దునే గేటు చప్పుడైంది. గుంపు ఆమె. నెత్తిన గంప.

"మా వదిన లేదు గద, ఎవలికి తెచ్చినవ్?" అన్నాను. మా అనే మాట కొంచెం గట్టిగానే పడింది.

"లేదని చెట్టుకు తెల్వదు గద" అని, గంప దించి మెట్టు మీద కూర్చుంది. కొంగు పరిచి పండ్లు పోసింది. ఒక్కో పండునూ బొటనవేలితో ఒత్తి చూసి, మెత్తటివి ఒక పక్కకు తోస్తోంది.

"ఏం చేస్తున్నవ్?"

"నీయి ఏరుతున్న."

"నావా?"

"అవ్. మీ వదిన గిట్లనే ఏరేది. నేను రాంగనే గంప ముంగట ఏస్కొని, మెత్తటియన్ని దొప్పల బెట్టి, 'గివి మా మరదలియి, ముట్టకు. దానికి వగరు తగిల్తే మూతి ముడుస్తది' అనేది. వగరుయి నేనూ ఆమె తినేటోళ్లం. కూసున్నంతసేపు నీ ముచ్చటే. నువ్వే కొల్వుల వెట్టిచ్చినవని, నువ్వు చాయ్ పెడితెనే తనకు పని నడుస్తదని." ఆమె చేయి ఆగింది. "అడివంత తిరిగి ఏరుకొచ్చేది నేను. మంచియన్ని నీకు. నాకు ఎంత కుళ్లుగ ఉండెనో తెల్సా? ఆఖరికి ఆ రోజు గూడ, నా చీర కిందికి వోయె, నీ చీర మీదికొచ్చె."

నాకు ఏడుపు వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ ఆమె ముందు రానివ్వడం ఇష్టం లేక, పక్కన కూర్చుని గట్టి పండు ఒకటి తీసి కొరికాను. నాలుక మొద్దుబారేంత వగరు. మూతి ముడవకుండా చూసుకున్నాను. ఆమె నన్నే చూస్తోంది.

"ముడిచినవ్" అంది.

లేచి వెళ్లి ఇద్దరికీ చాయ్ ఎక్కించి వచ్చాను. మళ్లీ కూర్చున్నాక, ఎన్నాళ్లనుంచో ఇంకొకరు నా ముందు చేస్తుంటే చూసిన పని నేను చేశాను. "నేను నిన్ను ఏమని పిలవాలె?" అని అడిగాను.

"ఆగు, జల్దీ చేయకు" అంది. వేళ్ల కణుపుల మీద లెక్క మొదలుపెట్టింది. మా వదిన తనకూ వదిన. ఆ వదినకు మరదలిని నేను. మరి ఆ దిక్కునుంచి చూస్తే తను నాకు... మళ్లీ మొదటికి వచ్చింది. పైన టెస్టులు నడుస్తున్నాయి. లోపల చాయ్ పొంగుతున్న వాసన వస్తోంది. ఆమె ఇంకా లెక్క చూసుకుంటూనే ఉంది, రెండో చేతిలో మెత్తటి పండు ఒకటి పట్టుకుని, అది నాకు ఇవ్వాలో తనే తినాలో తేలక.